బోర్డు లేని గుమ్మం: అమెరికాలో లైసెన్సు తుపాకి ఎక్కడ ఆగాలి?

డాలస్ శివార్లలో ఉండే ఒక మనిషి నడుముకు పిస్టల్ పెట్టుకుని, రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు పర్సులో వేసుకుని, పార్సిల్ పంపడానికి పోస్టాఫీసుకు బయలుదేరాడనుకుందాం. ఇంట్లో ఉన్నంతసేపూ అతని మీద తప్పు లేదు. రోడ్డెక్కినా లేదు. కారు తిప్పి పోస్టాఫీసు పార్కింగ్‌లోకి పోనిచ్చాడో లేదో, ఫెడరల్ నిబంధన దాటినవాడైపోతాడు. పిస్టల్ పైకి తీయలేదు, ఎవరినీ బెదిరించలేదు, కారు దిగను కూడా లేదు. అయినా అంతే. తపాలా శాఖ స్థలంలోకి, పార్కింగ్‌తో సహా, తుపాకి తేకూడదన్నది ఏళ్ల నాటి నిబంధన. రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు దాన్ని దాటించలేదు. అదే మనిషి రోడ్డు అవతలున్న ప్రైవేటు కొరియర్ దుకాణానికి వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ తలుపు మీద బోర్డు ఉందా, ఉంటే అందులో ఏ మాటలున్నాయి, అక్షరాలు ఎంత ఎత్తున ఉన్నాయి అన్నదాన్ని బట్టి తప్పొప్పులు తేలతాయి.

అమెరికాలో తుపాకుల గొడవ అనగానే మన దగ్గర చర్చంతా ఎవరి చేతికి తుపాకి ఇస్తున్నారన్న దాని చుట్టూ తిరుగుతుంది. అక్కడి కోర్టుల్లో ఈ కొన్నేళ్లుగా ఎక్కువగా నలుగుతున్నది మరో ప్రశ్న. లైసెన్సు వచ్చేసిన మనిషి తుపాకితో ఎక్కడిదాకా వెళ్లవచ్చు? ఏ గుమ్మం దగ్గర ఆగాలి? ఆగమని చెప్పాల్సింది ఎవరు? మొదటి రెండు ప్రశ్నలకూ జాబితాలు దొరుకుతాయి. అసలు చిక్కంతా మూడో ప్రశ్నలో ఉంది.

ఒక్క వాక్యం వేసిన విత్తనం

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేరిన రెండో సవరణ ఆయుధాలు ఉంచుకునే, ధరించే హక్కు గురించి చెబుతుంది. అది ప్రతి వ్యక్తికీ సొంత హక్కు అని సుప్రీంకోర్టు స్పష్టంగా తేల్చింది మాత్రం 2008 జూన్‌లో, హెల్లర్ కేసులో. వాషింగ్టన్ నగరంలో ఇంట్లో చేతి తుపాకి ఉంచుకోవడం మీద ఉన్న నిషేధాన్ని 5-4 మెజారిటీతో కొట్టేసింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ ఆంటొనిన్ స్కాలియా అందులోనే ఒక మాట చేర్చారు. పాఠశాలలు, ప్రభుత్వ భవనాల వంటి సున్నిత ప్రదేశాల్లోకి తుపాకులు తేకూడదన్న పాత ఆంక్షలను ఈ తీర్పు ప్రశ్నించడం లేదని దాని సారాంశం. ‘వంటి’ అన్నారే కానీ ఇంకా ఏమేమి ఆ కోవలోకి వస్తాయో చెప్పలేదు. పాఠశాల ఎందుకు సున్నితమో, మార్కెట్ ఎందుకు కాదో వివరించలేదు. పిల్లలున్నారనా? జనం గుమిగూడతారనా? ప్రభుత్వ పని జరుగుతుందనా? ఆ ఖాళీని పూరించే పని ఇప్పటికీ సాగుతూనే ఉంది.

2022 జూన్ 23న వచ్చిన బ్రూయెన్ తీర్పుతో ఆ ఖాళీ పెద్ద సమస్యగా మారింది. న్యూయార్క్‌లో 1911 నుంచి సల్లివన్ చట్టం ఉంది. ఇంటి బయట తుపాకి దాచుకుని తిరగాలంటే ‘తగిన కారణం’ చూపాలి. ఊళ్లో దొంగతనాలు ఎక్కువయ్యాయన్న సాధారణ భయం సరిపోదు, మిగతా జనానికి లేని ప్రత్యేకమైన ముప్పు తనకుందని నిరూపించుకోవాలి. ఈ షరతు రాజ్యాంగ విరుద్ధమని 6-3తో కోర్టు కొట్టేసింది. జస్టిస్ క్లారెన్స్ థామస్ రాసిన ఆ తీర్పు ఒక కొత్త కొలబద్ద కూడా పెట్టింది. తుపాకి మీద ఏ ఆంక్షకైనా ప్రజా భద్రతకు అవసరమన్న వాదన చాలదు. ఈ దేశ చరిత్రలో అలాంటి ఆంక్షల సంప్రదాయం ఉందని ప్రభుత్వమే చూపాలి. శాసనసభలు, పోలింగ్ కేంద్రాలు, కోర్టు భవనాలు సున్నిత ప్రదేశాలని ఒప్పుకుంది. వాటితో పోల్చి కొత్తవాటిని గుర్తించవచ్చంది. జనం కిక్కిరిసి ఉంటారు, పోలీసులు కాపలా ఉంటారు అన్నంత మాత్రాన మన్‌హటన్ దీవి మొత్తాన్నీ సున్నిత ప్రదేశంగా ప్రకటించడానికి చారిత్రక ఆధారం లేదని కూడా తేల్చి చెప్పింది.

తీర్పు వచ్చిన ఎనిమిదో రోజున, జులై 1న, న్యూయార్క్ గవర్నర్ కేథీ హోకల్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. లైసెన్సు ఇవ్వనని చెప్పే దారి మూసుకుపోయింది కాబట్టి, ఇచ్చిన లైసెన్సు పనికొచ్చే జాగాను తగ్గించారు. టైమ్స్ స్క్వేర్, సబ్‌వే రైళ్లు, బస్సులు, పార్కులు, జంతు ప్రదర్శనశాలలు, గ్రంథాలయాలు, మ్యూజియాలు, నాటకశాలలు, స్టేడియంలు, బార్లు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాలు, పిల్లల సంరక్షణ కేంద్రాలు, నిరసన సభలు అన్నీ ఆ జాబితాలో చేరాయి. సెప్టెంబరు 1న చట్టం అమల్లోకి రాగానే టైమ్స్ స్క్వేర్ చుట్టూ తుపాకులు నిషిద్ధమన్న బోర్డులు వెలిశాయి. న్యూజెర్సీ, మేరీలాండ్, కాలిఫోర్నియా, హవాయి కూడా ఇదే బాట పట్టాయి. ఒక విధంగా ఇది కోర్టు తెరిచిన వాకిలిని కిటికీ అంతకు కుదించడమే. అయితే కోటి మంది సంచరించే మహానగరాన్ని పాలించేవారికి ఆ పరిస్థితిలో చేతిలో మిగిలింది ఆ ఒక్క సాధనమేనన్నది కూడా గుర్తుంచుకోవాలి.

పాత పుస్తకాల్లో రైలు బండి

బ్రూయెన్ కొలబద్ద వల్ల వచ్చిన చిక్కు ఏమిటో చూడాలంటే సబ్‌వే రైలు ఎక్కితే చాలు. 1790 జనాభా లెక్కల్లో న్యూయార్క్ నగర జనాభా సుమారు 33 వేలు. అక్కడ భూగర్భ రైలు మొదలైంది 1904లో. రెండో సవరణ రాసినవాళ్లు రైలు పెట్టె అనే వస్తువునే చూడలేదు. అలాంటప్పుడు రైల్లో తుపాకి నిషేధానికి 18వ శతాబ్దపు సంప్రదాయం ఎక్కడినుంచి తేవాలి? ప్రభుత్వ న్యాయవాదులు పాత చట్టాల సంపుటాలు తిరగేశారు. ఇంగ్లండ్‌లో 1328 నాటి నార్తాంప్టన్ శాసనం దగ్గర మొదలుపెట్టారు. సంతల్లో, అంగళ్లలో ఆయుధాలతో తిరగరాదన్న ఆ శాసనం నుంచి 19వ శతాబ్దంలో న్యూయార్క్ సెంట్రల్ పార్కు, ఫిలడెల్ఫియా ఫెయిర్‌మౌంట్ పార్కు పెట్టుకున్న నిబంధనల దాకా ఏకరువు పెట్టారు. అవతలి న్యాయవాదులు అవి చాలవన్నారు, మరీ పాతవన్నారు, లేదా మరీ ఆలస్యంగా వచ్చాయన్నారు. ఇక్కడ మరో తగువు. చరిత్రను ఏ ఏటి దగ్గర ఆగి చూడాలి? రెండో సవరణ వచ్చిన 1791 దగ్గరా, ఆ హక్కు రాష్ట్రాలకూ వర్తించేలా చేసిన 14వ సవరణ వచ్చిన 1868 దగ్గరా? పార్కుల నిబంధనలు చాలామటుకు ఈ రెండో తేదీకి దగ్గరివి. మొదటిదే ప్రమాణమైతే వాటి బలం తగ్గిపోతుంది.

ఫలితం ఎలా ఉందంటే, షికాగో ప్రాంతపు బస్సులు, రైళ్లలో తుపాకి తేకూడదన్న ఇల్లినాయ్ చట్టాన్ని 2024లో ఒక జిల్లా కోర్టు తప్పుపట్టింది. 2025 సెప్టెంబరులో అప్పీళ్ల కోర్టు ఆ తీర్పును తిరగేసి నిషేధాన్ని నిలబెట్టింది. అటు పడమటి తీరంలో 2024 సెప్టెంబరులో తొమ్మిదో సర్క్యూట్ (కొన్ని రాష్ట్రాలను కలిపిన ఫెడరల్ కోర్టుల ప్రాంతం) అప్పీళ్ల కోర్టు కాలిఫోర్నియా రవాణా నిషేధాన్ని నిలవనివ్వలేదు. అదే తీర్పులో పార్కులు, ఆట స్థలాలు, బార్లు, గ్రంథాలయాలు, మ్యూజియాల్లో ఆంక్షలు సరైనవేనంది. బ్యాంకులు, ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల మీద కాలిఫోర్నియా పెట్టినవి మాత్రం చెల్లవంది. గ్రంథాలయం సున్నితమైనది, ఆసుపత్రి కాదు. ఈ తేడాకు కోర్టు చూపిన కారణాలు చట్టపరంగా తర్కబద్ధమే. అయినా తల్లిని ఎమర్జెన్సీ వార్డుకు తీసుకెళ్లే మనిషికి ఆ తర్కం ఎలా అందుతుంది? భద్రత గురించి వేసిన ప్రశ్నకు చరిత్ర పరీక్షలో వచ్చిన మార్కులు చూపించి జవాబు చెప్పడం ఈ పద్ధతిలోని మౌలిక లోపం.

2024 జూన్‌లో రహీమీ కేసులో సుప్రీంకోర్టు కాస్త పట్టు సడలించింది. గృహ హింస నిరోధక ఉత్తర్వులున్న వ్యక్తి దగ్గర తుపాకి ఉండరాదన్న చట్టాన్ని 8-1తో సమర్థిస్తూ, పాత చట్టానికి అచ్చుగుద్దినట్టు కవల ఉండనక్కర్లేదనీ, దాని వెనకున్న సూత్రం కలిస్తే చాలనీ ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు. సున్నిత ప్రదేశాల కేసుల్లో ప్రభుత్వాలకు అది కొంత ఊపిరి. కానీ సూత్రం ఏమిటో ఎవరు ఎంత విశాలంగా చెబుతారన్నదాని మీదే మళ్లీ అంతా ఆధారపడి ఉంది.

మౌనం అంగీకారమా, నిరాకరణా?

ప్రభుత్వ భవనాలు, పార్కులు ఎన్ని ఉన్నా, మనిషి రోజులో ఎక్కువగా అడుగుపెట్టేది ప్రైవేటు స్థలాల్లోనే. కిరాణా దుకాణం, పెట్రోలు బంకు, హోటలు, సినిమా హాలు, మంగలి షాపు. వీటి యజమానికి తన స్థలంలో తుపాకి వద్దనే హక్కు ఉందన్నది అన్ని పక్షాలూ ఒప్పుకునే సంగతి. యజమాని ఏమీ అననప్పుడే పేచీ. గుమ్మానికి బోర్డు లేదు. గల్లాపెట్టె దగ్గరున్న మనిషి నోరు విప్పలేదు. అప్పుడు చట్టం ఏమనుకోవాలి?

మౌనం అర్ధాంగీకారం అంటాం మనం. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల చట్టం దాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకుంటుంది. బోర్డు లేదంటే రావచ్చని అర్థం. న్యూయార్క్, న్యూజెర్సీ, మేరీలాండ్, కాలిఫోర్నియా, హవాయి 2022 తర్వాత దీన్ని తలకిందులు చేశాయి. యజమాని నోటితోనో, రాతతోనో, బోర్డుతోనో రమ్మంటే తప్ప రాకూడదని అర్థం. వినడానికి చిన్న మార్పు. ఆచరణలో రాష్ట్రంలోని దాదాపు ప్రతి దుకాణాన్నీ ఒక్క వాక్యంతో నిషిద్ధ ప్రదేశంగా మార్చేస్తుంది. ఎందుకంటే వ్యాపారం చేసుకునేవాళ్లలో చాలామంది ఏ బోర్డూ పెట్టరు. తుపాకులు రానివ్వమంటే కొందరు గిరాకీలకు కోపం, రమ్మంటే మరికొందరికి భయం. ఈ తగువులోకి దిగకుండా అమ్మకాలు చూసుకోవాలన్నదే వాళ్ల కోరిక. అందుకే చట్టం ఆ మౌనానికి ఏ అర్థం చెబితే అదే అసలు నియమమై కూర్చుంటుంది.

న్యూయార్క్ పెట్టిన ఈ నియమాన్ని, జనానికి తెరిచి ఉండే ప్రైవేటు స్థలాల వరకు, రెండో సర్క్యూట్ కోర్టు 2023 డిసెంబరులో ఆపేసింది. తొమ్మిదో సర్క్యూట్ ఒకే తీర్పులో రెండు తీర్లుగా తేల్చింది. కాలిఫోర్నియాలో అనుమతి బోర్డు రూపంలోనే ఉండాలన్న పట్టుదల వల్ల ఆ చట్టం పోయింది. హవాయి 2023లో చేసిన చట్టం నోటిమాటను కూడా ఒప్పుకుంటుంది కాబట్టి నిలబడింది. ఉల్ఫర్డ్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో ఈ ఒక్క ప్రశ్నను సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో విచారణకు తీసుకుంది.

హవాయి తన వాదనకు ప్రధానంగా రెండు పాత చట్టాలను ఆధారంగా తెచ్చింది. ఒకటి 1771 నాటి న్యూజెర్సీ చట్టం. పరాయి భూమిలోకి యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకితో వెళ్లరాదన్నది. దొంగచాటు వేటను ఆపడానికి చేసింది. రెండోది 1865 నాటి లూసియానా చట్టం. తోటల్లోకి, ఆవరణల్లోకి యజమాని సమ్మతి లేకుండా తుపాకితో రాకూడదంటుంది. అచ్చం హవాయి నియమంలాగే ఉంది. కానీ 1865 అన్న తేదీ దగ్గర ఆగి చూడాలి. అంతర్యుద్ధం అప్పుడే ముగిసింది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారిని మళ్లీ కట్టడి చేయడానికి దక్షిణాది రాష్ట్రాలు చేసిన నల్ల చట్టాల కాలం అది. భూములన్నీ తెల్లవారివి అయినప్పుడు ‘యజమాని సమ్మతి’ అంటే ఎవరి సమ్మతో, ఆయుధం లేకుండా మిగిలేది ఎవరో చెప్పనక్కర్లేదు. అలాంటి చట్టాన్ని నేటి భద్రతా చర్యకు సాక్ష్యంగా నిలబెట్టవచ్చా? వద్దంటే, ఏ పాత చట్టం వెనక ఏ ఉద్దేశం ఉందో జల్లెడ పట్టాలి. అప్పుడు చరిత్ర నుంచి దొరికే ఆధారాలు మరీ పలచబడతాయి. ఈ ఇరకాటం హవాయిది మాత్రమే కాదు, చరిత్రే కొలబద్ద అన్న పద్ధతిదే.

ఇక న్యాయం ఎటువైపుంది? స్థలం సొంతదారు ఇష్టాన్ని కాపాడటమే చట్టం ఉద్దేశమైతే, మౌనంగా ఉన్న సొంతదారు మనసులో ఏముందో ముందు ఊహించాలి. తుపాకులు సామాన్యంగా కనిపించని హొనలూలులో దుకాణదారు మౌనానికి ఒక అర్థం, పిల్లలు కూడా వేటకెళ్లే పల్లె టెక్సాస్‌లో మరో అర్థం ఉండటం సహజం. ఊరిని బట్టి ఊహ మారడంలో అసంబద్ధం ఏమీ లేదు. ఆ ఊహను రాష్ట్రాలకు వదిలేయడమే సబబు. ఒకే ఒక షరతు పెట్టాలి. నియమం ఏదైనా, గుమ్మం ముందు నిలబడ్డ మనిషికి కంటితో చూసి తెలిసేలా ఉండాలి.

అంగుళం ఎత్తు అక్షరాలు

ఈ షరతును తు.చ. తప్పకుండా పాటించే రాష్ట్రం తుపాకులకు పుట్టిల్లనుకునే టెక్సాసే కావడం విశేషం. అక్కడి శిక్షాస్మృతిలో 30.06, 30.07 అనే సెక్షన్లు జనం నోళ్లలో నానిపోయిన అంకెలు. దాచిన తుపాకితో రావద్దంటే 30.06 బోర్డు, కనబడేలా పెట్టుకున్న తుపాకితో రావద్దంటే 30.07 బోర్డు. రెండూ వద్దంటే రెండు బోర్డులూ పెట్టాలి. బోర్డు మీద ఏ మాటలుండాలో చట్టమే రాసిచ్చింది. ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ఉండాలి, అక్షరాలు కనీసం అంగుళం ఎత్తున, వెనక రంగుతో తేడా తెలిసేలా ఉండాలి, జనానికి స్పష్టంగా కనబడే చోట పెట్టాలి. లైసెన్సుదారు బోర్డు దాటి లోపలికి వెళ్తే 200 డాలర్ల వరకు జరిమానాతో పోతుంది. వెళ్లిపొమ్మని నోటితో చెప్పాక కూడా కదలకపోతే నేరం తీవ్రత పెరుగుతుంది. బార్లకు వేరే గుర్తు. ఆదాయంలో 51 శాతం, ఆపైన అక్కడే తాగే మద్యం అమ్మకం నుంచి వచ్చే చోట ఎర్రటి ‘51%’ బోర్డు ఉంటుంది. దాన్ని దాటితే జరిమానాతో వదలరు.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో అసలు లైసెన్సే అక్కర్లేకుండా చేతి తుపాకి పెట్టుకుని తిరగవచ్చు. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29 అయ్యాయి. అయినా నిషిద్ధ ప్రదేశాల జాబితా పోలేదు. పాఠశాలలు, పోలింగ్ కేంద్రాలు, కోర్టులు, గుర్రప్పందాల మైదానాలు, విమానాశ్రయాల్లో తనిఖీ దాటిన భాగం అందులో ఉన్నాయి. మరణశిక్ష అమలయ్యే రోజున ఆ స్థలానికి 1000 అడుగుల లోపు కూడా ఉంది. ‘ఎవరు’ అన్న ద్వారం ఎంత బార్లా తెరిచినా ‘ఎక్కడ’ అన్న గోడలను మాత్రం తుపాకి ప్రియులైన శాసనకర్తలు కూడా పూర్తిగా పడగొట్టలేదు.

కాలేజీల విషయంలో మాత్రం టెక్సాస్ గోడ తీసేసింది. లైసెన్సున్నవారు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో దాచిన చేతి తుపాకితో తిరగవచ్చన్న చట్టం 2016 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం టవర్ ఎక్కి ఒక వ్యక్తి కాల్పులు జరిపిన 1966 ఆగస్టు 1కి అది సరిగ్గా 50వ వార్షికం. ప్రైవేటు విశ్వవిద్యాలయాలకు వద్దనే వీలు ఇచ్చారు. మన పిల్లలు వందలుగా చదివే డాలస్, ఆర్లింగ్టన్ ప్రాంగణాలు ప్రభుత్వానివే. క్లాసులో పక్క బెంచీ విద్యార్థి చొక్కా కింద తుపాకి ఉండటం అక్కడ చట్టం ఒప్పుకున్న సంగతి. అక్కడికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఈ ముక్క ముందే తెలిసి ఉండటం మంచిది.

రాష్ట్రం పైన మరో పొర

రాష్ట్ర చట్టం ఏమన్నా దాని మీద ఫెడరల్ చట్టం పరుచుకుని ఉంటుంది. 1990లో వచ్చిన పాఠశాల పరిసరాల చట్టం ప్రకారం బడి ఆవరణకు 1000 అడుగుల లోపు తుపాకి ఉండటం ఫెడరల్ నేరం. శాన్ ఆంటోనియోలో ఒక హైస్కూల్ విద్యార్థి మీద పెట్టిన కేసులో 1995లో సుప్రీంకోర్టు దీన్ని 5-4తో కొట్టేసింది. ఈ చట్టం చేయడానికి ఫెడరల్ ప్రభుత్వం తన అధికారంగా చూపిన రాష్ట్రాల మధ్య వాణిజ్యానికీ దీనికీ సంబంధం ఏమిటని అడిగింది. తుపాకి ఏదో ఒక దశలో రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో నడిచి ఉండాలన్న షరతు చేర్చి కాంగ్రెస్ 1996లో అదే చట్టాన్ని మళ్లీ తెచ్చింది. ఈ నియమం నుంచి లైసెన్సుదారుకు మినహాయింపు ఉంది. కానీ ఆ లైసెన్సు సదరు పాఠశాల ఉన్న రాష్ట్రమే ఇచ్చి ఉండాలి. టెక్సాస్ లైసెన్సును ఓక్లహామా గౌరవించినా, ఆ మనిషి ఓక్లహామాలో ఒక బడి ముందునుంచి తూటాలు నింపిన పిస్టల్‌తో వెళ్తే చట్టం మాట ప్రకారం నేరమే. లైసెన్సు అక్కర్లేని రాష్ట్రంలో లైసెన్సు తీసుకోని మనిషికీ ఈ మినహాయింపు లేదు. ఊళ్లో 1000 అడుగుల వలయాలు గీస్తూ పోతే మామూలు రోడ్లలో ఎన్ని వాటి కింద పడతాయో ఆలోచిస్తే, ఈ చట్టాన్ని అక్షరాలా పాటించడం ఎంత కష్టమో తెలుస్తుంది.

పోస్టాఫీసు దగ్గరికి మళ్లీ వస్తే, ఆ నిషేధాన్ని పార్కింగ్‌తో సహా 2015లో పదో సర్క్యూట్ కోర్టు సమర్థించింది. బ్రూయెన్ తర్వాత గాలి మారింది. పోస్టాఫీసులోకి తుపాకి తెచ్చిన తపాలా ఉద్యోగి మీద ఆ అభియోగాన్ని 2024 జనవరిలో ఫ్లోరిడాలో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేశారు. 2025 సెప్టెంబరులో టెక్సాస్‌లో మరో జడ్జి దావా వేసినవారి పక్షాన తీర్పు చెప్పారు. అంతమాత్రాన పోస్టాఫీసు గోడ మీది హెచ్చరిక చెల్లని కాగితం అయిపోలేదు. జాతీయ ఉద్యానవనాల్లో ఇంకో రకం. 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే అడవి బాటలో తుపాకి ఉండవచ్చు. అదే ఉద్యానవనంలోని సందర్శకుల కేంద్రం ఫెడరల్ భవనం కనుక మెట్లెక్కితే నేరం.

విమానాశ్రయాల కథ ఇంకా విచిత్రం. ఇక్కడ నియమంలో ఏ సందిగ్ధమూ లేదు. బ్యాగు ఎక్స్‌రేలోకి వెళ్తుందని ప్రయాణించే ప్రతివారికీ తెలుసు. అయినా 2023లో తనిఖీ కేంద్రాల దగ్గర 6,737 తుపాకులు పట్టుబడ్డాయి. వాటిలో 93 శాతం తూటాలు నింపినవే. ఒక్క అట్లాంటా విమానాశ్రయంలోనే 451. పట్టుబడినవారిలో చాలామంది చెప్పే మాట ఒకటే: సంచిలో ఉందని మరిచిపోయాను. ప్రాణం తీయగల వస్తువు సంచిలో ఉన్న సంగతి మరిచిపోవడాన్ని పొరపాటుగా సరిపెట్టుకోకూడదు. లైసెన్సున్న తనకు ఎక్కడైనా చెల్లుతుందన్న అలవాటే మనసును అంత మొద్దుబారుస్తుంది. టెక్సాస్ చట్టం లైసెన్సుదారు పట్ల ఇక్కడ కొంత దయ చూపుతుంది. అధికారి చెప్పగానే వెనక్కి తిరిగి వెళ్లిపోతే రాష్ట్ర నేరం నుంచి బయటపడవచ్చు. ఫెడరల్ సంస్థ వేసే వేల డాలర్ల జరిమానా మాత్రం తప్పదు.

రాష్ట్రాలు దాటే ప్రయాణికుడికి 1986 నాటి ఫెడరల్ చట్టం ఒక రక్షణ ఇచ్చింది. బయలుదేరే చోటా చేరే చోటా తుపాకి చట్టబద్ధమైతే, తూటాలు తీసి, చేతికి అందనంత దూరంగా తాళం వేసి పెడితే, మధ్యలోని రాష్ట్రం పట్టుకోకూడదు. ఈ రక్షణ ఎంత సన్ననిదో 2010లో మూడో సర్క్యూట్ ముందుకు వచ్చిన ఒక కేసు చూపింది. యూటా నుంచి పెన్సిల్వేనియాకు వెళ్తున్న ప్రయాణికుడు నిబంధనల ప్రకారమే తుపాకిని లగేజీలో పంపాడు. మధ్యలో న్యూజెర్సీలోని నెవార్క్‌లో ఎక్కాల్సిన తర్వాతి విమానం అందలేదు. బ్యాగు తీసుకుని రాత్రికి హోటల్లో పడుకున్నాడు. తెల్లారి విమానాశ్రయానికి వచ్చి బ్యాగులో తుపాకి ఉందని తానే చెప్పాడు. అరెస్టు చేశారు. ఆ తర్వాత అభియోగాలు ఎత్తేసినా, తనకు జరిగింది అన్యాయమని అతను వేసిన దావాను కోర్టు ఒప్పుకోలేదు. హోటల్ గదిలో ఆ రాత్రి తుపాకి చేతికి అందేలా ఉంది కదా అన్నది కారణం. విమానం తప్పడం అతని చేతిలో లేదు. నిజాయితీగా చెప్పినవాడే దొరికిపోయే నియమంలో న్యాయం తక్కువ.

వీసా మీద ఉన్నవారికి వేరే లెక్క

ఇంతవరకూ చెప్పినదంతా లైసెన్సు తీసుకునే అర్హత ఉన్నవారి గురించి. అమెరికాలోని తెలుగువారిలో పెద్ద వర్గం ఆ గీతకు ఇవతలే ఉంది. ఎఫ్-1 విద్యార్థి అయినా, హెచ్-1బి ఉద్యోగి అయినా, వలసేతర వీసా మీద వచ్చినవారు తుపాకి గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. కొన్ని మినహాయింపులున్నాయి, వాటిలో మామూలు మనిషికి వర్తించేది చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఒక్కటే. 2022 చట్ట సవరణతో ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లయింది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ‘దగ్గర ఉంచుకోవడం’ అంటే కొనడమే కానక్కర్లేదు. వారాంతంలో సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకి చేతిలోకి తీసుకోవడం కూడా దాని కిందికే వస్తుంది. ఫొటో కోసం పట్టుకున్న ఆ తుపాకి, ఫొటోతో సహా, సాక్ష్యమవుతుంది. రేంజ్ వాళ్లు అడగలేదన్నది రక్షణ కాదు. లైసెన్సు అక్కర్లేదన్న రాష్ట్ర చట్టం చదివి మనకూ వర్తిస్తుందనుకుంటే అంతకన్నా ప్రమాదం లేదు.

గ్రీన్‌కార్డు వచ్చినవారు తుపాకి కొనవచ్చు, రాష్ట్రాన్ని బట్టి లైసెన్సు తీసుకోవచ్చు. కానీ ‘ఎక్కడ’ అన్న ప్రశ్న వారికి పౌరులకన్నా చాలా బరువైనది. తుపాకిని చట్ట విరుద్ధంగా కలిగి ఉండటం, వెంట తీసుకెళ్లడం వంటి నేరాల్లో శిక్ష పడితే వలస చట్టం ప్రకారం అది దేశం నుంచి పంపేయడానికి ఒక కారణం. పక్కింటి పౌరుడికి జరిమానాతో తీరిపోయే తప్పు, ఇరవై ఏళ్లు కట్టుకున్న కాపురాన్ని పెకలించే ప్రమాదంగా మారవచ్చు. రాష్ట్రం మారినప్పుడల్లా మారే జాబితాలు, సగం కోర్టుల్లో ఆగి ఉన్న చట్టాలు, అర్థం కాని బోర్డులు ఎవరికైనా తలనొప్పే. గ్రీన్‌కార్డుదారుకు ఆ తలనొప్పి బతుకు ప్రశ్న. లైసెన్సు తీసుకునే ముందు వలస న్యాయవాదితో ఒక గంట మాట్లాడటం పిరికితనం అనిపించుకోదు.

తుపాకి జోలికే పోని తెలుగువారి దగ్గరికి కూడా ఈ ప్రశ్న మరో దారిలో వచ్చింది. హోటలు నడిపేవారు, కిరాణా నడిపేవారు, గుడి ట్రస్టీలు ఇప్పుడు గుమ్మానికి అటువైపు నిలబడి జవాబు చెప్పాల్సినవారు. టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో 2017 నవంబరు 5న జరిగిన కాల్పుల్లో 26 మంది పోయారు. 2019లో రాష్ట్రం చట్టం సవరించి, ప్రార్థనా స్థలం యాజమాన్యం వద్దని చెప్పకపోతే లైసెన్సుదారులు తుపాకితో రావచ్చని స్పష్టం చేసింది. ఆ ఏడాది డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ పట్టణంలోని చర్చిలో ఒకడు కాల్పులు మొదలుపెట్టి ఇద్దరిని చంపాడు. భద్రత చూస్తున్న వాలంటీరు క్షణాల్లో అతన్ని కాల్చి పడేశాడు. ఆ రెండు ఘటనల నుంచి ఎవరికి కావలసిన పాఠం వారు తీసుకున్నారు. ఒకరికి కాపలా తుపాకి అవసరం కనిపించింది, మరొకరికి గుళ్లో తుపాకి అన్న ఊహే అపచారం.

ట్రస్టీల మధ్య ఈ వాదన ఎటు తేలినా, చట్టం మాత్రం వారి మనసులోని మాటను వినదు. చెప్పులు విడిచే చోట ‘ఆయుధాలతో రావద్దు’ అని తెలుగులో, ఇంగ్లిష్‌లో అందంగా రాయించి పెట్టినా టెక్సాస్ లైసెన్సుదారుకు అది చట్టం చెప్పిన నోటీసు కాదు. సెక్షన్‌లో ఉన్న మాటలే ఉండాలి. స్పానిష్ ఉండాలి. అక్షరం అంగుళానికి తగ్గకూడదు. తగ్గితే, పక్కన నిలబడి ప్రతి ఒక్కరికీ నోటితో చెప్పే మనిషిని పెట్టుకోవాలి.